నెలలు నిండని కాన్పు: ముందే పసిగట్టడం దేనికి?

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందని, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బతకదని తెలుగునాట ఒక నమ్మకం తరతరాలుగా వస్తోంది. అందులో నిజం లేదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు, పేగులకు బలమే. కాబట్టి ఏడో నెల బిడ్డకంటే ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే 40 వారాలకు గర్భం పూర్తవుతుంది. 37 వారాలు నిండకముందే కాన్పయితే దాన్ని నెలలు నిండని కాన్పు అంటారు. 32 వారాలలోపు పుట్టినవారికి ముప్పు ఎక్కువ, 28 వారాలలోపు పుట్టినవారికి మరీ ఎక్కువ. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు ఇలా ముందుగా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ప్రతి పదిమందిలో ఒకరు. వారిలో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. మరే దేశంలోనూ ఇంతమంది లేరు. ఐదేళ్లలోపు పిల్లల మరణాలకు నెలలు నిండకపోవడంవల్ల వచ్చే చిక్కులే మొదటి కారణం. 2019లో వాటివల్ల సుమారు 9 లక్షల మంది చనిపోయారు. 2010 నుంచి 2020 వరకు పదేళ్లలో ఈ కాన్పుల శాతం ప్రపంచంలో ఏ ప్రాంతంలోనూ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

ఇంత నష్టం కళ్లముందు ఉన్నప్పుడు, ఎవరికి ముందుగా కాన్పవుతుందో కనిపెట్టే పరీక్ష ఒకటి ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. అలాంటి పరీక్షలు కొన్ని ఉన్నాయి, మరికొన్ని వస్తున్నాయి. వాటిలో ఏది అవసరమో, ఏది అనవసరమో తేల్చుకోవడానికి ఒకే ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: ఫలితం తెలిశాక ఏం చేస్తారు? ముప్పు ఉందని తేలితే దాన్ని తగ్గించే మందుగానీ, బిడ్డను కాపాడే ఏర్పాటుగానీ ఉంటేనే పరీక్ష వల్ల ప్రయోజనం. అవి లేకపోతే ఆ పరీక్ష తల్లికి దిగులును, ఇంటికి ఖర్చును మాత్రమే మిగులుస్తుంది. గత 30 ఏళ్ల పరిశోధన ఫలితాలను వరుసగా పెట్టి చూస్తే ఈ మాట మళ్లీ మళ్లీ రుజువవుతోంది.

ముందుగా, దీన్ని కనిపెట్టడం ఎందుకు కష్టమో తెలుసుకోవాలి. నెలలు నిండని కాన్పు ఒకే జబ్బు కాదు. వేర్వేరు దారుల్లో వచ్చిన ఇబ్బందులన్నీ చేరే చోటు అది. సుమారు మూడింట రెండు వంతుల కేసుల్లో నొప్పులు వాటంతట అవే మొదలవుతాయి, లేదా ఉమ్మనీటి సంచి ముందుగా పగిలిపోతుంది. దానికి మూత్రనాళంలోనో గర్భాశయంలోనో ఇన్ఫెక్షన్ కారణం కావచ్చు, కవలల వల్ల గర్భసంచి అతిగా సాగడం కావచ్చు, గర్భాశయ ముఖద్వారం, అంటే సర్విక్స్, ముందుగానే పొట్టిబడటం కావచ్చు. చాలాసార్లు కారణమే దొరకదు. మిగిలిన మూడో వంతులో వైద్యులే నిర్ణయం తీసుకుని కాన్పు చేస్తారు. తల్లికి బీపీ ప్రమాదకరంగా పెరిగినా, బిడ్డ ఎదుగుదల ఆగిపోయినా కడుపులో ఉంచడం కంటే బయటికి తీయడమే మేలని వారు భావిస్తారు. ఇన్ని కారణాలను ఒకే రక్తపరీక్షో, ఒకే స్కానో పట్టుకోలేదు. అందుకే ఈ ముప్పును అంచనా వేయడం ఒక్కరోజులో ముగిసే పని కాదు. గర్భం మొదటి వారాల నుంచి వరుసగా సాగాల్సిన పరిశీలన అది.

ఆ పరిశీలన ప్రశ్నలతో మొదలవుతుంది. ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయిందా? ఐదో నెలలోనో ఆరో నెలలోనో గర్భం పోయిందా? సర్విక్స్‌కు ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా? కడుపులో ఉన్నది కవలలా? పోయిన కాన్పుకూ ఈ గర్భానికీ మధ్య ఎడం ఎంత? బీపీ, షుగర్ ఉన్నాయా? వీటిలో మొదటి ప్రశ్నకే బరువెక్కువ. ఒకసారి ముందుగా కాన్పయిన స్త్రీకి మళ్లీ అలా జరిగే ముప్పు మిగతావారికంటే చాలా ఎక్కువ. తల్లి వయసు, ఒంట్లో రక్తం కూడా లెక్కలోకి వస్తాయి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20–24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇవి ఏ యంత్రమూ లేకుండా, ఆశా కార్యకర్తో ఏఎన్ఎమ్మో ఇంటి గుమ్మంలోనే తెలుసుకోగల సంగతులు. అయితే ఈ ప్రశ్నలకు ఒక పరిమితి ఉంది. తొలిచూలు గర్భిణికి పాత కాన్పుల చరిత్రే ఉండదు. కాబట్టి ప్రశ్నలతోపాటు కొలతలు కూడా కావాలి.

ఆ కొలతల్లో మొదటిది గర్భం వయసు. దీన్ని చాలామంది పరీక్షగా లెక్కలోకే తీసుకోరు, కానీ మిగతా పరీక్షలన్నీ దీనిమీదే నిలబడతాయి. బిడ్డకు 33 వారాలో 36 వారాలో తెలియకపోతే, మొదలైన నొప్పులు ముందుగా వచ్చినవో కావో చెప్పలేం. నెలసరి తేదీ చాలామందికి సరిగ్గా గుర్తుండదు. గుర్తున్నా, నెలసరి క్రమం తప్పే స్త్రీలలో ఆ లెక్క వారాల కొద్దీ తేడా వస్తుంది. మొదటి మూడు నెలల్లో చేసే స్కాన్‌లో బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు కొలిస్తే తేడా వారం లోపే ఉంటుంది. అదే చివరి నెలల్లో మొదటిసారి స్కాన్ చేయిస్తే తేడా మూడు వారాల దాకా పోవచ్చు. అందుకే ప్రతి గర్భిణికి 24 వారాలలోపు కనీసం ఒక స్కాన్ జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసింది. పైగా వైద్యులు వాడే కొలత సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల తల్లుల వివరాలతో తయారైనవి. ఈ లోటు పూడ్చడానికి ఫరీదాబాద్‌లోని టీహెచ్ఎస్‌టీఐ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో వేలమంది గర్భిణులను మొదటి నెలల నుంచి కాన్పు దాకా గమనిస్తూ గర్భిణి అనే అధ్యయనం నడుపుతున్నారు. ఐఐటీ మద్రాసుతో కలిసి ఆ వివరాలతో రూపొందించిన కొత్త సూత్రాన్ని 2024లో వెల్లడించారు. నాలుగో నెల తర్వాత గర్భం వయసును లెక్కించడంలో పాత సూత్రంకంటే ఇది పొరపాటును సుమారు మూడు రెట్లు తగ్గించిందని వారు తెలిపారు.

తేదీ తెలియడం ఎంత ముఖ్యమో రెండు పెద్ద అధ్యయనాలు చూపాయి. నెలలు నిండకుండా కాన్పయ్యే సూచనలున్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని న్యూజిలాండ్‌కు చెందిన లిగ్గిన్స్, హౌవీ 1972లోనే నిరూపించారు. ఈ మందు ధర చాలా తక్కువ. దీన్ని ఊరూరా అందిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయన్న ఆశతో భారత్ సహా ఆరు దేశాల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మన దేశంలో బెళగావి, నాగ్‌పూర్ ప్రాంతాలు అందులో ఉన్నాయి. 2015లో వచ్చిన ఫలితం అందరినీ కలవరపరిచింది. మరీ చిన్నగా పుట్టిన పిల్లల మరణాలు తగ్గలేదు సరికదా, మొత్తంగా నవజాత శిశు మరణాలు కొంత పెరిగాయి. గర్భం వయసు కచ్చితంగా తెలియని చోట్ల మందు తీసుకున్న తల్లుల్లో చాలామందికి నెలలు నిండాకే కాన్పయింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో మరో ప్రయోగం చేయించింది. ఈసారి స్కాన్‌తో గర్భం వయసు నిర్ధారించారు, తల్లికీ బిడ్డకూ తగిన వైద్యం అందే ఆసుపత్రులనే ఎంచుకున్నారు, 26 నుంచి 34 వారాల మధ్య ఉన్నవారికే మందు ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితాల్లో మందు ఇచ్చినవారి పిల్లల్లో 19.6 శాతం, ఇవ్వనివారి పిల్లల్లో 23.5 శాతం మరణించారు. అంటే మందు పొందిన ప్రతి 25 మంది తల్లులకు దాదాపు ఒక బిడ్డ ప్రాణం అదనంగా దక్కింది. రెండుచోట్లా మందు ఒక్కటే. వారాల లెక్క తెలియడం, వెనుక మంచి ఆసుపత్రి ఉండటం రెండో ప్రయోగంలో కలిసొచ్చాయి.

తేదీ సంగతి మన రెండు రాష్ట్రాలకు ఇంకో కారణంగానూ ముఖ్యం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు కాగా ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ముందే తేదీ ఖాయం చేసుకుని చేసే ఆపరేషన్లు వీటిలో ఉన్నాయి. కొన్ని కుటుంబాలు ముహూర్తం పెట్టించి మరీ ఆ తేదీ కోరడమూ తెలిసిందే. వైద్యపరమైన అవసరం లేనప్పుడు ఆపరేషన్‌కు 39 వారాలు నిండేదాకా ఆగాలి. లెక్క రెండు వారాలు తప్పి, దానికితోడు ముహూర్తం ఇంకో వారం ముందుకు జరిగితే, ఆరోగ్యంగా పెరుగుతున్న బిడ్డను మన చేతులతోనే నెలలు నిండని బిడ్డను చేసినట్టవుతుంది. ఈ రకం కాన్పును అడ్డుకోవడానికి కొత్త పరీక్ష ఏదీ అక్కర్లేదు. మొదటి స్కాన్ కాగితం చూసి వారాలు లెక్కపెడితే సరిపోతుంది.

ఇక రెండో కొలత సర్విక్స్ పొడవు. గర్భసంచి అడుగున ఉండి, కాన్పుదాకా మూసుకుని బిడ్డను నిలిపి ఉంచే భాగం ఇది. 1996లో అమెరికాలో 2,915 మంది గర్భిణులను పరిశీలించినప్పుడు 24 వారాల దగ్గర దాని సగటు పొడవు 35 మి.మీ. ఉన్నట్టు తేలింది. అది 26 మి.మీ. లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికి, 40 మి.మీ. మించి ఉన్నవారితో పోలిస్తే, 35 వారాలలోపు కాన్పయ్యే ముప్పు సుమారు ఆరు రెట్లు కనిపించింది. ఎంత పొట్టిగా ఉంటే ముప్పు అంత ఎక్కువ. అందుకే 25 మి.మీ. కంటే తక్కువైతే జాగ్రత్త పడాలన్నది వాడుకలోకి వచ్చింది. పొట్టమీద నుంచి చేసే స్కాన్‌లో ఈ కొలత సరిగ్గా రాదు. యోని ద్వారా చేసే స్కాన్‌లోనే కచ్చితంగా తెలుస్తుంది. దానివల్ల గర్భం పోతుందేమోనని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. స్కాన్ చేసే సాధనం సర్విక్స్ లోపలికి వెళ్లదు, బిడ్డను తాకదు, పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. అయినా ఎందుకు చేస్తున్నారో ముందే చెప్పి, గర్భిణి సమ్మతి తీసుకుని, చాటు కల్పించడం ఆసుపత్రి బాధ్యత.

ఈ కొలతకు విలువ రావడానికి కారణం, దాని వెనుక చికిత్స ఉండటమే. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో 24,620 మంది గర్భిణులకు సర్విక్స్ కొలిచారు. 15 మి.మీ. లేదా అంతకంటే తక్కువ ఉన్నవారు 413 మంది తేలారు. వారిలో 250 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు రాత్రిపూట యోనిలో ఉంచుకునే ప్రొజెస్టెరాన్ మాత్ర, మరో గుంపుకు మందు లేని మాత్ర ఇచ్చారు. 34 వారాలలోపు కాన్పయినవారు మందు గుంపులో 19.2 శాతం, రెండో గుంపులో 34.4 శాతం. సర్విక్స్ 10 నుంచి 20 మి.మీ. మధ్య ఉన్నవారిపై మరో ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. 33 వారాలలోపు కాన్పులు 16.1 శాతం నుంచి 8.9 శాతానికి తగ్గాయి. మరో ప్రయోగంలో, ముప్పు ఎక్కువున్న స్త్రీలలో ఇదే మందు స్పష్టమైన మేలు చూపలేదని 2016లో తేలింది. ఈ వాదన తేల్చడానికి 31 ప్రయోగాల్లో పాల్గొన్న 11 వేలకు పైగా స్త్రీల వివరాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. ఒకే బిడ్డను మోస్తూ ముప్పు ఎక్కువున్న స్త్రీలలో 34 వారాలలోపు కాన్పులు సుమారు ఐదో వంతు తగ్గుతాయని 2021లో ఆ విశ్లేషణ తేల్చింది. రెండో చికిత్స సర్విక్స్‌కు కుట్టు వేయడం. 1955లో దీన్ని ప్రపంచానికి పరిచయం చేసినవారిలో బొంబాయి వైద్యుడు వి.ఎన్. శిరోద్కర్ ముందువరుసలో ఉన్నారు. నేటికీ ఆ పద్ధతి ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. గతంలో ముందుగా కాన్పై, ఇప్పుడు సర్విక్స్ పొట్టిబడిన స్త్రీకి ఈ కుట్టు మేలు చేస్తుంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. అమెరికాలో 9,410 మంది తొలిచూలు గర్భిణులను గమనించిన అధ్యయనం 2017లో వెలువడింది. తర్వాత ముందుగా కాన్పయినవారిలో, 16–22 వారాల మధ్య సర్విక్స్ 25 మి.మీ. లేదా అంతకంటే తక్కువ ఉన్నవారు కేవలం 8 శాతం. మిగిలిన 92 శాతం మంది కొలతలో మామూలుగానే కనిపించారు. ఇంతమందిని పట్టుకోలేని పరీక్షను అందరికీ ఎందుకు చేయాలన్నది ప్రశ్న. బ్రిటన్ జాతీయ స్క్రీనింగ్ కమిటీ ముప్పులేని స్త్రీలందరికీ దీన్ని సిఫారసు చేయలేదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మాత్రం ఐదో నెల స్కాన్ చేసేటప్పుడే సర్విక్స్‌ను కూడా చూడాలంటుంది. ఈ ఆక్షేపణను కొట్టిపారేయలేం. సర్విక్స్ మామూలుగా ఉందన్న రిపోర్టు, ముందుగా కాన్పు కాదన్న హామీ కాదని ప్రతి తల్లికీ చెప్పితీరాలి. కానీ సర్విక్స్ పొట్టిగా ఉన్నట్టు తేలిన ఆ కొద్దిమందికి నిజంగా ముప్పు ఉంది, దాన్ని తగ్గించే మందు ఉంది, ఆ మందు అందుబాటులో ఉంది. 2011 నాటి ప్రయోగాన్ని బట్టి చూస్తే, సర్విక్స్ పొట్టిగా ఉన్న 14 మందికి మందు ఇస్తే ఒకరికి 33 వారాలలోపు కాన్పు తప్పుతుంది. బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫ్ఫా స్కాన్ కోసం 18–22 వారాల మధ్య గర్భిణి ఎలాగూ వస్తుంది. 2022లో తెలంగాణ ప్రభుత్వం పలు ప్రభుత్వాసుపత్రుల్లో టిఫ్ఫా యంత్రాలను ఏర్పాటు చేసింది కూడా. అదే రోజు, అదే గదిలో ఈ కొలత తీసుకోవడానికి కొత్త ప్రయాణం, కొత్త కూలి నష్టం ఉండవు. యంత్రం, శిక్షణ పొందిన వైద్యులు ఉన్నచోట అందరికీ, లేనిచోట కనీసం పాత కాన్పు ముందుగా అయినవారికి తప్పనిసరిగా ఈ కొలత తీయాలన్నది సబబైన నిర్ణయం.

వెనుక చికిత్స లేని పరీక్షల గతి ఏమవుతుందో కూడా చరిత్ర చూపింది. యోనిలో ఉండాల్సిన బ్యాక్టీరియా సమతౌల్యం దెబ్బతిన్న స్త్రీలకు ముందుగా కాన్పయ్యే ముప్పు ఎక్కువని చాలాకాలంగా తెలుసు. కాబట్టి దాన్ని వెతికి యాంటీబయాటిక్ ఇస్తే ముప్పు తగ్గాలి కదా అనుకున్నారు. ఫ్రాన్స్‌లో 84,530 మందిని పరీక్షించి, సమస్య ఉన్నట్టు తేలిన, ఇతర ముప్పులేని స్త్రీలలో కొందరికి మందు, మరికొందరికి మందు లేని గుళిక ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం తేడా ఏమీ లేదు. ముప్పుతో సంబంధం ఉన్నదల్లా ముప్పుకు మూలకారణం కానక్కర్లేదని ఇది నేర్పింది. అలాగే అమెరికాలో ముందుగా కాన్పయిన చరిత్ర ఉన్నవారికి వారం వారం ఇచ్చిన ఒక రకం ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్‌కు 2011లో అనుమతి దొరికింది. 2019లో మరింత పెద్ద ప్రయోగం దానివల్ల మేలు లేదని తేల్చింది. 2023లో ఆ అనుమతిని రద్దు చేశారు. మన దగ్గర ముప్పు పేరు వినగానే వారాల తరబడి మంచం దిగవద్దని చెప్పడం ఇంకా చూస్తున్నాం. బెడ్ రెస్ట్ ముందస్తు కాన్పును ఆపుతుందనడానికి ఆధారం లేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, కండరాల బలహీనత, ఆదాయ నష్టం వెంట వస్తాయి.

మరో రకం పరీక్ష ఉంది. అది అవునని చెప్పినప్పటికంటే కాదని చెప్పినప్పుడే ఎక్కువ పనికొస్తుంది. గర్భసంచికీ ఉమ్మనీటి పొరకూ మధ్య జిగురులా పనిచేసే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్ యోనిస్రావంలో కనిపిస్తే కాన్పు దగ్గర పడుతోందేమోనని అనుమానించవచ్చని 1991లో కనుగొన్నారు. నొప్పులతో వచ్చిన స్త్రీలో అది కనిపించకపోతే వారంలోపు కాన్పయ్యే అవకాశం దాదాపు ఒక శాతమే. ఆమెను అనవసరంగా ఆసుపత్రిలో ఉంచనక్కర్లేదు, దూరపు పట్నానికి తరలించనక్కర్లేదు. కానీ అది కనిపించినంత మాత్రాన కాన్పు ఖాయమని కాదు. ఇప్పుడు రక్తంలోని ఆర్ఎన్ఏ ముక్కలను, ప్రొటీన్లను బట్టి నెలల ముందే ముప్పు చెబుతామనే పరీక్షలపై పరిశోధన సాగుతోంది. 2018లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు అలాంటి రక్తపరీక్షపై తొలి ఫలితాలు ప్రకటించారు, కానీ అవి కొద్దిమందిపై చేసినవి. రేపు ఏ ల్యాబ్ ఇలాంటి పరీక్షను ప్యాకేజీలో కలిపి అమ్మజూపినా, ఫలితం వచ్చాక ఏం చేస్తారని అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ డబ్బు పౌష్టికాహారానికి ఖర్చు పెట్టడం మేలు.

మొదట చెప్పుకున్న మూడో వంతును, అంటే వైద్యులే ముందుగా చేయాల్సి వచ్చే కాన్పులను, తగ్గించే పరీక్షలు ఇంకా చౌక. ప్రతిసారీ బీపీ చూడటం, మూత్రంలో ప్రొటీన్ చూడటం, షుగర్ పరీక్ష, బిడ్డ ఎదుగుదల కొలవడం ఇందులోకి వస్తాయి. బయటికి ఏ లక్షణమూ లేకుండా మూత్రంలో ఉండే ఇన్ఫెక్షన్‌ను కల్చర్ పరీక్షతో పట్టి మందు వాడితే కిడ్నీ దాకా పాకకుండా ఆపవచ్చు. తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా మేలు చేస్తుందని తేలింది. మన బెళగావి, నాగ్‌పూర్ ప్రాంతాలతో కలిపి ఆరు దేశాల్లో దాదాపు 12 వేల మంది తొలిచూలు గర్భిణులపై జరిగిన ప్రయోగంలో, 14 వారాలలోపే మొదలుపెట్టి రోజుకు 81 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు నెలలు నిండని కాన్పులు 13.1 శాతం నుంచి 11.6 శాతానికి తగ్గాయని 2020లో వెల్లడైంది. బీపీ ముప్పు ఎక్కువున్నవారికి డాక్టర్లు దీన్ని సూచించేది అందుకే. సొంతంగా మాత్రం వేసుకోకూడదు. ఇది తొలి నెలల్లోనే మొదలవ్వాలి కాబట్టి, మూడు నెలలు నిండకముందే గర్భం నమోదు కావడం తప్పనిసరి. దేశంలో మొదటి మూడు నెలల్లో వైద్యపరీక్షకు వెళ్లినవారు 70 శాతమేనని ఆ జాతీయ సర్వేనే చెబుతోంది.

ముప్పు ఉందని ముందే చెబితే తల్లి బెంగపడుతుంది, చెప్పకపోవడమే నయం అనేవారూ ఉన్నారు. బెంగ నిజమే. అయితే ఆ బెంగకు సగం కారణం మనం చెప్పే తీరు. ముప్పు ఉందంటే కాన్పు ముందుగా అవుతుందని అర్థం కాదని, సర్విక్స్ పొట్టిగా ఉన్నవారిలోనూ చాలామంది నెలలు నిండాకే కంటారని వివరించాలి. మిగతా సగం ఇంట్లోవాళ్ల మాటల వల్ల. బిందె ఎత్తిందనో, ప్రయాణం చేసిందనో, చెప్పిన మాట వినలేదనో తప్పంతా కోడలిమీద వేయడం అన్యాయం. పైన చెప్పిన కారణాల్లో చాలావాటిపై ఆమెకు ఏ అదుపూ లేదు. వాస్తవానికి ముప్పును ముందే తెలుసుకున్న కుటుంబానికి సిద్ధపడే సమయం దొరుకుతుంది. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాక బండికోసం, ఆసుపత్రికోసం వెతుక్కునే కుటుంబం పడే బెంగ ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దది.

మరి మారుమూల పల్లెల మాటేమిటి, అక్కడ స్కానే దొరకనప్పుడు సర్విక్స్ కొలతలు ఎవరికి అన్న ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు పరీక్షలను వదులుకోవడం కాదు, వాటి వెనుక ఉండాల్సిన ఏర్పాట్లను ముందు నిలబెట్టడం. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యులు గర్భిణులను ఉచితంగా పరీక్షించే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ 2016 నుంచి నడుస్తోంది. ముప్పు ఎక్కువున్నవారిని ఆ రోజే గుర్తించి, ఎస్ఎన్‌సీయూ, అంటే నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం, ఉన్న ఆసుపత్రి పేరు తల్లీబిడ్డల సంరక్షణ కార్డు మీద రాసి పంపవచ్చు. 34 వారాలలోపు నొప్పులు వస్తే పెద్దాసుపత్రికి పంపేముందు తొలి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏఎన్ఎం ఇవ్వడానికి కేంద్రం 2014లోనే మార్గదర్శకాలు జారీ చేసింది. పుట్టాక బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకుని ఉంచే కంగారూ సంరక్షణకు పెద్ద ఖర్చు లేదు. పుట్టిన వెంటనే దాన్ని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని భారత్‌తోపాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో నిరూపించింది. ఇవన్నీ ఉన్నచోట ముప్పు ముందే తెలియడం ప్రాణం నిలబెడుతుంది. లేనిచోట అది కేస్ షీటులో ఒక గీతగా మిగిలిపోతుంది.

కుటుంబాలు చేయాల్సినవీ కొన్ని ఉన్నాయి. నెల తప్పిందని తెలియగానే గర్భం నమోదు చేయించండి. మూడు నెలలు నిండకముందు ఒక స్కాన్ చేయించి ఆ రిపోర్టును భద్రపరచండి. పాత కాన్పుల్లో జరిగిన ఏ సంగతీ డాక్టరు దగ్గర దాచకండి. టిఫ్ఫా రోజున సర్విక్స్ పొడవు కొలిచారా, ఎంత ఉంది అని అడగండి. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరసారెలతోపాటు స్కాన్ కాగితాలూ, సంరక్షణ కార్డూ వెళ్లాలి. ఆ ఊరికి దగ్గరలో నెలలు నిండని పిల్లలకు చికిత్స చేసే ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోవాలి. 37 వారాలకు ముందు పొట్ట ఆగి ఆగి గట్టిపడుతున్నా, నడుం నొప్పి విడవకుండా వస్తున్నా, నీరు కారినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా కషాయాలు, కాపడాలు అంటూ తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి. ప్రభుత్వాలు కూడా ప్రతి గర్భిణికి 24 వారాలలోపు ఒక మంచి స్కాన్, ప్రతి జిల్లాలో సిబ్బంది నిండుగా ఉన్న ఎస్ఎన్‌సీయూ, మధ్యలో ఆగని రవాణా, ఈ మూడింటినీ హక్కుగా అందించాలి. ఇవి సమకూరితే, ఏటా నెలలు నిండకుండా పుడుతున్న ఆ 30 లక్షల మందిలో ఇప్పుడు మనం పోగొట్టుకుంటున్న ఎందరో పిల్లలు బతుకుతారు. అందుకు కావలసిన మందులు, పద్ధతులు ఇప్పటికే మన చేతిలో ఉన్నాయి.